అరటిపండు ఓటు

చేపల వేట మీద దేశాలన్నీ కలిసి తీర్మానాలు చేసే ఆ సభలో ఆయన పేరు ఒంటి ఓటాయన. పెద్ద దేశాలకు తలా నాలుగు ఓట్లు, మధ్యరకానికి రెండేసి, ఆయన బుల్లి దేశానికి ఒక్కటంటే ఒక్కటి. ఏది నెగ్గాలన్నా పన్నెండు కావాలి. మిగతావన్నీ సరి సంఖ్యలు కాబట్టి లెక్క పన్నెండుకైనా చేరుతుంది, పది దగ్గరైనా చతికిలబడుతుంది. ఈయన ఒక్కటీ కలిసినా ఒకటే, కలవకపోయినా ఒకటే. ఆటలో అరటిపండు అన్నమాట.

అరటిపండుకున్నంత ధైర్యం ఇంకెవరికుంటుంది చెప్పండి? చేపలు గుడ్లు పెట్టే కాలంలో పెద్ద ఓడల వేట ఆపాలని ఏటేటా బల్ల గుద్ది మాట్లాడేవాడు, చెయ్యెత్తేవాడు, ఓడిపోయేవాడు, హాయిగా భోజనానికి వెళ్ళేవాడు. ఆ ఓడల పుణ్యమా అని ఖాళీ వలతో ఇల్లు చేరే బావమరిది మాత్రం, "మా బావ సింహం" అని రేవంతా చాటేవాడు.

ఈ ఏడు మూడేసి ఓట్లతో రెండు కొత్త దేశాలు చేరాయి. "ఈ గుంపులో మన గొంతు ఎవడికి వినిపిస్తుంది?" అని వాటిని వద్దన్న మహానుభావుడూ ఈయనే. నెగ్గడానికి ఇప్పుడు పదిహేడు కావాలి. వేట ఆపాలనే తీర్మానానికి ఏటా పడే పాత పదికి కొత్తవాళ్ళ ఆరూ కలిసి పదహారయ్యాయి. మిగిలింది ఈయన ఒక్కటి.

ఇన్నేళ్ళలో ఈయన మొహం చూడని ఓడల దేశపు ప్రతినిధి, కుర్చీ లాక్కుని కూర్చుని పిల్లల చదువుల గురించి అడిగాడు. వెనకే సొంత మంత్రి ఫోను.

"వాళ్ళు మనకు రేవు కట్టిస్తున్నారయ్యా. ఈసారి చెయ్యెత్తకు."

"ఏటా ఎత్తుతూనే ఉన్నాను కదండీ."

"అప్పుడు లెక్కలోకి రాలేదు కాబట్టి ఊరుకున్నాం. ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా?"

ఈయనకు భయమేసింది, ఆ భయానికి సిగ్గూ వేసింది. అధ్యక్షుడు ఓట్లు అడిగినప్పుడు పాత అలవాటు కొద్దీ చెయ్యి సగం దాకా లేచింది. అక్కడి నుంచి దారి మార్చుకుని బుర్ర గోక్కుంది. తీర్మానం ఒక్క ఓటుతో పోయింది.

సాయంత్రం బావమరిది ఫోను చేశాడు.

"మళ్ళీ పోయిందటగా బావా. ఈ ఏడూ వల ఎండబెట్టుకోవడమే. పడవ అమ్మేస్తున్నాలే."

ఈయన చెయ్యి మళ్ళీ బుర్ర మీదికి వెళ్ళింది.

"నువ్వు బాధపడకు బావా. నీ ఒక్క ఓటుతో ఏమవుతుంది?"

"అవున్రా," అంది సింహం. "ఏమవుతుంది."