నా చోట్లో కూర్చున్నవాడు

నేను ఒక డిఫరెన్షియల్‌ని. పేరు వినగానే ముఖం చిట్లించకండి, చెబుతాను. జీపు వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది చూడండి, అందులో కాపురముండే పళ్లచక్రాల గుంపును నేనే. ఇంజను బలం పొడుగాటి కడ్డీ గుండా నా దగ్గరికి వస్తుంది. దాన్ని కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ పంచిపెట్టడం నా పని. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. ఇద్దరూ కొట్టుకోకుండా ఎవరి నడక వాళ్లు నడిచేలా చూసి బండిని ఒద్దికగా తిప్పుతాను. మీరేమో డ్రైవరు భలే తిప్పాడంటారు.

చూశారా, మొదలుపెట్టీ పెట్టకముందే కుళ్లు బయటపడిపోయింది. దాచుకోవడం నాకు చేతకాదు. పుట్టిన చోటు నుంచీ ఇంతే. కొలిమిలో కాలి, పళ్లు కోయించుకుని, వేడి వేడిగా నూనెలో మునిగి గట్టిపడి నేను బయటికొచ్చేసరికి, పక్క బల్ల మీద హెడ్‌లైట్లను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను మాత్రం జిడ్డు నూనెలో పెట్టి మూత బిగించారు. ఆ రోజు నుంచి హెడ్‌లైట్లంటే నాకు పడదు.

మొదట ఒక కాఫీ తోటల ఆఫీసరు దగ్గర పనిచేశాను. తర్వాత కంకర కాంట్రాక్టరు దగ్గర. ఇద్దరూ దసరాకి బండి కడిగించేవారు. బొట్టు బానెట్‌కి, దండ అద్దానికి, బురద నాకు. మనుషులు కనిపించేదానికి దండం పెడతారు, మోసేదాన్ని మరిచిపోతారు. అలవాటు పడిపోయాను అనుకుంటుండగా గెమ్మెలి బొంజిబాబు నన్ను కొన్నాడు. అంటే జీపును కొన్నాడు, నేను దాంతో పాటు వచ్చాను.

బొంజిబాబు పాడేరు సంతకి కొండ ఊళ్ల జనాన్ని దింపే డ్రైవరు. పసుపు మూటలు, కోళ్లు, చంటిపిల్లలు, తాగి పాటలు పాడే మామలు, అందర్నీ ఎక్కించుకునేవాడు. పెద్ద ఎత్తు ఎక్కాక దిగి వెనక్కి వచ్చి, బండి కింద దూరి నా బుర్ర మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "నువ్వు బంగారంరా" అనేవాడు. నాకు ఇంకేం కావాలి? ఆ రెండు దెబ్బల కోసం ఎంత ఎత్తయినా ఎక్కేవాణ్ని. ఒక్క నాచుబండ తప్ప.

నాచుబండ అంటే గుమ్మిగెడ్డ ఊరికి ముందు ఉన్న రాతి వాలు. ఎండాకాలంలో కూడా దాని మీద తడి ఆరదు. అక్కడ ఒక చక్రం జారిందంటే నా స్వభావం అడ్డం వస్తుంది. ఎవరు తేలిగ్గా తిరుగుతానంటే వాళ్ల వెంటే పోతాను నేను. జారే చక్రం గిర్రున తిరుగుతుంది, నేలను పట్టుకున్న చక్రం బిక్కమొహం వేసుకుని నిలబడిపోతుంది. మలుపులో నన్ను మెచ్చుకోవలసిన గుణం అదే, బండ మీద తిట్లు తినిపించేదీ అదే. అందుకే బొంజిబాబు జనాన్ని బండ కింద దింపేసేవాడు. అక్కడి నుంచి నడకే.

గుమ్మిగెడ్డ అతని భార్య చిలకమ్మ పుట్టిల్లు. ఆమె తమ్ముడి పెళ్లికి కొత్త చీర కట్టుకుని, వంట గిన్నెలతో జీపెక్కింది. బండ కింద ఎదురుచూస్తున్న చుట్టాల ముందు బొంజిబాబుకి హుషారు పుట్టింది. ఇవాళ ఎక్కించేస్తానన్నాడు. ఎడమ చక్రం జారింది. నేను దాని వెంట పోయాను. వెనకనున్న అత్తగారి మీద, మేనమామల మీద, డప్పులవాళ్ల మీద బురద చిమ్మింది. చిలకమ్మ దిగి గిన్నెలు నెత్తిన పెట్టుకుని నవ్వుల మధ్య నడిచి వెళ్లింది. పెళ్లయ్యాక తిరిగి రాలేదు.

బొంజిబాబు పిలవడానికి వెళితే బండ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఊరోళ్ల మూటలన్నీ గుమ్మంలో దించుతావు గదా మావా. మా గుమ్మం ఏటి పాపం సేసింది? నీ బండి మా అమ్మ గుమ్మం కాడికి వచ్చిన రోజున ఎక్కుతాను. లేదంటే నానిక్కడే ఉండిపోతాను."

ఆమె ఊరికే అనే మనిషి కాదు. బొంజిబాబుకి తెలుసు. ఆ వారమంతా అతను సరిగ్గా తిన్నది లేదు. సంతలో తోటి డ్రైవర్లు "మీ ఆవిడేదిరా" అంటే ఇంజను గట్టిగా రైజ్ చేసి వినపడనట్టు పోయేవాడు. నాకు జాలేసింది. పక్కనే చిన్న సంతోషం కూడా కలిగింది, అతని మనసులో ఇక నాకొక్కడికే చోటు కదా అని.

ఎంత వెర్రివాణ్ని! అతను బండిని అనకాపల్లి తోలుకెళ్లాడు.

అక్కడ నూకరాజు మేస్త్రి షెడ్డు. ముందు జీపును రెండడుగుల ఎత్తు లేపినంత పని చేసి ఏనుగు కాళ్లలాంటి టైర్లు తొడిగాడు. ఆ టైర్లను తిప్పలేక ఇంజను ఆయాసపడింది. పళ్ల లెక్క మార్చాలన్నాడు మేస్త్రి. నా చిన్న చక్రం నాలుగు చుట్లకు కాస్త పైన తిరిగితే పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. కొత్త పళ్లయితే ఐదు చుట్లు దాటాలి. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. ముందు ఇరుసుకీ అదే లెక్క ఉండాలి, లేకపోతే ముందుదీ వెనకదీ ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత నా సంగతికి వచ్చాడు.

"మూడు దార్లున్నాయి బాబూ. ఒకటి, దీని లోపల చిన్న చక్రాలకి వెల్డింగు కొట్టీడమే. రెండు టైర్లూ ఒకటే తిరుగుడు తిరుగుతాయి. సవక."

నా పళ్లన్నీ జిల్లుమన్నాయి. వెల్డింగా! చేతులు కట్టేసి బతికుండమనడమే కదా అది.

"వద్దు మేస్త్రీ. మలుపులకి టైర్లు అరిగిపోవా?"

"అయితే దానంతటదే బిగుసుకునేది ఏసీమంటావా? మలుపు మలుపుకీ టకటకమంటాది, వాన రోడ్డు మీద కాస్త జారిస్తాది. మూడోది స్విచ్చు లాకరు. బానెట్ కింద గాలి మోటారెడతాను. స్విచ్చేత్తే రెండు చక్రాలూ బిగుసుకుంటాయి, తీసేత్తే మామూలే."

"ఆడోళ్లు, పిల్లలు కూకునే బండి. స్విచ్చుదే ఎయ్యి."

"మరి హ్యాండ్ బ్రేకు? లాగితే నా సెయ్యి వచ్చీసింది గాని బండి ఆగనేదు."

"అది తరవాత సూద్దాం. ముందు ఎక్కనీ."

అలా లాకరు వచ్చాడు. అట్టపెట్టెలో, పాలిథీన్ కాగితం చుట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా వచ్చాడు. బొంజిబాబు వాణ్ని రెండు చేతులా ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నన్ను ఊడదీసి నేల మీద పడేసినప్పుడు కనీసం వంగి చూడలేదు. ముందు ఇరుసులోని నా తమ్ముడికి పళ్లు మాత్రమే మార్చారు, ఉద్యోగం ఉంచారు. వాడి మీద కూడా కుళ్లుకున్నాను.

పాత ఇనుముకి పోతాననుకున్నాను. అంతకంటే ఘోరం జరిగింది. "ఎత్తు లేపీసినాం గదా, ఎనక తేలిపోతాది. కాస్త బరువెయ్యి" అన్నాడు మేస్త్రి. బొంజిబాబు రెండు ఇసుక మూటలు వేశాడు, చాలలేదని చుట్టూ చూశాడు. కంటికి నేను ఆనాను. నన్ను చిరిగిన గోనెలో చుట్టి వెనక భాగంలో తాడుతో కట్టేశాడు. సరిగ్గా వాడి నెత్తిన. మధ్యలో ఒక రేకు. నా కుర్చీలో వాడు, వాడి పైన మూటగా నేను. వాడు తిరుగుతున్న ప్రతి చప్పుడూ నాకు వినిపించేది. నా నూనెలాంటి నూనెలోనే మునిగి తిరుగుతున్నాడు.

నాచుబండ దగ్గరికి వచ్చాం. బొంజిబాబు స్విచ్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. జారు, పళ్లు రాలగొట్టుకో, ముక్కలైపో అని వాణ్ని శపించాను. ఎడమ చక్రం తడి నాచు మీద జారబోయింది. వాడు వదల్లేదు. కుడి చక్రంతో కలిపి పట్టుకున్నాడు. మెల్లగా, పెద్ద ఎద్దు నడిచినట్టు, జీపు బండంతా ఎక్కి పైకొచ్చేసింది. నేనూ ఎక్కాను, మూటగా.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. చిలకమ్మ గుమ్మంలో చేటతో చోళ్లు చెరుగుతోంది. చేట కింద పెట్టి లేచింది. ఆమె ముఖంలో నవ్వు ఆగలేదు.

"ఎక్కీసినావే మావా! ఎలాగెక్కినావు?"

బొంజిబాబు అందర్నీ వంగమని నా పాత చోటు చూపించాడు. ముసలివాళ్లు కూడా వంగి చూశారు. అత్తగారు కొబ్బరికాయ తెచ్చి కొట్టింది. కర్పూరం ఇరుసు దగ్గర వెలిగించారు. ఇన్నేళ్లలో బానెట్‌కి, అద్దానికి తప్ప పెట్టని దండం మొదటిసారి ఇరుసుకి పెట్టారు. అది వాడికి! నేను గోనెలో ఉన్నాను. ఇనుము ఏడవదు గాని ఏడ్చినంత పని అయింది నాకు.

తిరుగు ప్రయాణంలో చిలకమ్మ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్లో కోడి, వెనక పసుపు మూటలు. బొంజిబాబు ఆనందంలో తేలిపోతున్నాడు. పెళ్లాం వైపు చూస్తున్నాడు, దారి వైపు చూస్తున్నాడు. స్విచ్ వైపు చూడలేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

బండ దిగగానే ఎడమకి పెద్ద మలుపు. మలుపు నా విద్య. బయటి చక్రాన్ని ముందుకు పోనిచ్చి, లోపలి చక్రాన్ని నెమ్మదిగా ఉంచి తిప్పాలి. వాడికి స్విచ్ వేసి ఉంది, ఇద్దర్నీ బిగించి పట్టుకున్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. బొంజిబాబు స్టీరింగు పూర్తిగా తిప్పినా జీపు తిన్నగా లోయ వైపే జారుకుంటూ పోయింది. ముందు చక్రం అంచు మీదికి వచ్చాక బ్రేకు పట్టింది.

ఆగాం. కింద చెట్ల తలలు కనిపిస్తున్నాయి. బొంజిబాబు కుడికాలు బ్రేకుని అదిమిపట్టి ఉంది. వెనక్కి రావాలంటే ఆ కాలు ఆక్సిలేటరు మీదికి పోవాలి. బ్రేకు వదిలితే బండి కిందికే. హ్యాండ్ బ్రేకు లాగాడు, ఊరికే పైకి వచ్చింది.

నేను వాణ్ని శపించిన మాట నాకు గుర్తుంది. చిలకమ్మ ఆ సీట్లో ఉండగా నెరవేరమని మాత్రం నేనెప్పుడూ కోరుకోలేదు. భయం వేసింది. చెబుతున్నాను కదా, చాలా భయం వేసింది.

"కాలు తియ్యకు మావా. సచ్చినా తియ్యకు" అంటూ చిలకమ్మ కోడిని వదిలేసి దూకింది. చుట్టూ రాయి కోసం చూసింది. అన్నీ గులకరాళ్లే. వెనక్కి వచ్చి తాడు విప్పి, గోనె లాగి, నన్ను పొట్టకి ఆనించుకుని ఎత్తింది. నేను మామూలు బరువు కాదు. కట్టెల మోపులు మోసిన మనిషి కాబట్టి ఎత్తింది. తెచ్చి వెనక చక్రం ముందు కుక్కింది.

"ఇప్పుడు తియ్యి."

బొంజిబాబు కాలు తీశాడు. బండి బరువంతా, మూటలతో, ఇసుకతో, లోపలున్న వాడితో సహా, నా మీదికి వచ్చింది. నా పళ్లు నేలలోకి దిగాయి. కదల్లేదు. అతను స్విచ్ తీసేసి, బండిని వెనక్కి లాగి మలుపు తిప్పుకునేదాకా నేను ఆ చోటు నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

తర్వాత బొంజిబాబు దిగి ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"ఎక్కడానికి ఇంత సేసినావు. ఆగడానికి ఏటి సేసినావు మావా?"

"నువ్వు రావాలని తొందర పడిపోనాను."

"వచ్చినాను గదా. ఇంటికి సేరొద్దా మరి?" అంది. తిట్టినట్టే అంది గాని అతని చెయ్యి వదల్లేదు. బండెక్కే ముందు నన్ను వెనక మూటల్లోకి పోనివ్వలేదు. ముందు సీటు కింద, తన కాళ్ల దగ్గర పెట్టించుకుంది.

మర్నాడే అనకాపల్లిలో హ్యాండ్ బ్రేకు బాగుచేయించారు. అయినా చిలకమ్మకి దాని మీద నమ్మకం లేదు. ఇప్పుడు ప్రతి సంతకీ ఆమె వస్తుంది. వాలులో బండి ఆగితే చాలు, తనే దిగి నన్ను చక్రం కింద పెడుతుంది. తిరగడానికి పుట్టిన నేను, కదలకుండా ఉన్నందుకు మెప్పు పొందుతున్నాను. ఏం చేస్తాం, వచ్చిన మెప్పు వద్దంటామా?

కొండలు వాడివే. ఇప్పటికీ నాచుబండ వాడే ఎక్కుతాడు, ఊళ్లోవాళ్లు ఇప్పటికీ వంగి వాణ్నే చూస్తారు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ బండి ఆగాక చిలకమ్మ నన్ను తీసుకుని కొంగుతో మట్టి తుడుస్తుంది చూడండి, అప్పుడు వాడు జానెడు దూరంలో, చీకటి నూనెలో, నా చోట్లో కూర్చుని ఉంటాడు. వాడికి అసూయగా ఉంటుందో లేదో నాకు తెలియదు. ఉంటే బాగుణ్ణు.