చక్రం కదలక ముందు

ఆ సోమవారం పొద్దున చర్చలకు కూర్చునేటప్పటికి నా చేతిలో మూడు ఉన్నాయి. వారానికి ఇరవై ఏడున్నర గంటల స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగం, దాంతో పాటు వచ్చిన ఆరోగ్య బీమా, ఆ బీమా మీద నా భార్యకు ఆరు వారాలకోసారి పడే ఇంజక్షను. తరువాతి ఇంజక్షను గురువారం. పాత ఒప్పందం ఆ సోమవారంతోనే సరి.

అంతకుముందు పద్దెనిమిదేళ్లు నాకు బట్టల కొట్టు ఉండేది. ఎదురుగా నాలుగంతస్తుల దుకాణం తెరిచాక ఏడాదిన్నర నెట్టుకొచ్చి, ఇక లాభం లేదని తాళం వేశాను. బస్సు ఉద్యోగంలో జీతం చూసి చేరలేదు, బీమా చూసి చేరాను. నా భార్య బట్టలు కుడుతుంది. ఆమెకు కీళ్ల జబ్బు. ఇంజక్షను పడిన నెల సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. వారం ఆలస్యమైతే మంచినీళ్ల గ్లాసును కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. ఆ మందును మా జీతంతో కొనడమంటే మూడు నెలల కష్టాన్ని ఒక్క సూదిలో పొయ్యడమే.

కొట్టు పోయినా పేరు పోలేదు. డిపోలో అందరూ నన్ను షావుకారు అనే పిలుస్తారు. యూనియన్ తరఫున బేరానికి డ్రైవర్లలోంచి ఒకరు కావాలన్నప్పుడు, "నీకు గీసి గీసి బేరమాడటం అలవాటే కదా, నువ్వే వెళ్లు" అని నలభై మందీ కలిసి నన్ను ముందుకు తోశారు.

చర్చలు ఒక చిన్న పిల్లల బడి లైబ్రరీలో పెట్టారు. అక్కడున్నవన్నీ మోకాలెత్తు కుర్చీలు. స్కూలు బోర్డు ఫైనాన్స్ ఆఫీసరూ, వాళ్ల లాయరూ మాత్రం ఆఫీసు నుంచి పెద్ద కుర్చీలు తెప్పించుకున్నారు. మేము మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వాళ్లను తలెత్తి చూడాల్సి వచ్చింది. యూనియన్ నాయకురాలు, వంటగదుల పెద్ద, మేమంతా పెద్దక్క అని పిలిచే మనిషి, ఆ కుర్చీలో పట్టక పుస్తకాల బల్ల మీదే కూర్చుంది.

"బీమా కంపెనీ రేటు పెంచింది. మేం భరించలేం," అన్నాడు ఆఫీసరు. "వారానికి ముప్పై గంటలు దాటినవాళ్లకే బీమా. తక్కిన వాళ్లకు ఇవాళ్టితో ఆఖరు. సాయంత్రం అయిదింటికి జాబితా కంపెనీకి వెళ్లాలి. అప్పటికి మీ సంతకం లేకపోతే జాబితాయే వెళ్లదు. అప్పుడు అందరికీ పోతుంది."

వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, గుమాస్తాలు అందరూ ముప్పై దాటినవాళ్లే. ముప్పై లోపల ఉన్నది డ్రైవర్లు, నలభై ఒక్కమందీ.

"సారూ, పిల్లలు నడిచి వస్తారనుకుంటున్నారా, ఎగిరి వస్తారనుకుంటున్నారా?" అంది పెద్దక్క.

"డ్రైవర్ల మీద నాకు గౌరవం ఉందమ్మా."

"ఆ గౌరవాన్ని మందుల షాపులో తీసుకుంటారేమో కనుక్కుని చెప్పండి."

పన్నెండు దాకా అదే తంతు. మధ్యాహ్నం ట్రిప్పుల కోసం నాలుగింటి దాకా విరామం ఇచ్చారు. బయటికొస్తూ పెద్దక్క నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె వెనక నూట అరవై మంది ఉన్నారు. డ్రైవర్లను వదులుకునైనా అయిదింటికి ఆమె సంతకం పెట్టాల్సి వస్తుందని ఇద్దరికీ తెలుసు.

మంచినీళ్ల దగ్గర మా డిపో సూపర్‌వైజరు నా కోసం కాచుకుని ఉన్నాడు.

"స్టోరు గదిలో ఒక ఉద్యోగం ఖాళీ ఉంది, షావుకారూ. వారానికి ముప్పై అయిదు గంటలు. రేపటి నుంచే నీది. చెల్లెమ్మ ఇంజక్షనుకు ఢోకా ఉండదు."

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. సాయంత్రం నోరు మూసుకుని కూర్చో, చాలు. రేపు వచ్చాక పెద్ద పనేం లేదు. ఆ పాత తనిఖీ కార్డుల పెట్టెలు ఖాళీ చేయించడం, టైర్ల లెక్క చూడటం, అంతే."

రెండున్నర దాకా ఆలోచించుకుని చెప్పమన్నాడు. నేను అబద్ధం చెప్పను, నా మనసు అప్పటికే స్టోరు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమండీ, కుట్టు మిషను ముందున్నాను, తొందరగా చెప్పండి," అంది నా భార్య.

చెప్పాను.

"కొట్టులో ఉండగా, టోకు వ్యాపారి మీరు అడక్కుండానే సగం రేటుకు గుడ్డ తాను ఇస్తానంటే ఏం చేసేవారు?"

"విప్పి వెలుతురులో పట్టి చూసేవాణ్ణి."

"మరి ఇప్పుడు మడత కూడా విప్పకుండా భుజానేసుకొస్తున్నారే?"

"గురువారం నీ ఇంజక్షను..."

"గురువారం సంగతి నాకు తెలుసు. వేళ్లు నావి. చూసి తీసుకోండి. చూశాక కూడా మంచి గుడ్డే అనిపిస్తే తీసుకోండి, నేనేమీ అనను." ఫోన్ పెట్టేసింది.

బోర్డు నాకు ఏడున్నర గంటలు ఊరికే ఇస్తోంది. ఊరికే ఎవరూ ఇవ్వరు. అంటే వాళ్లు కొనాల్సిన సరుకేదో నా దగ్గర ఉంది. అదేమిటో వాళ్లకు తెలుసు, నాకే తెలియదు. తెలియడానికి నాకున్న గడువు రెండున్నర దాకానే.

డిపోకు వెళ్లాను. రోజూ చేసే పనే. బస్సు చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూశాను. దీపాలు వేసి ఆర్పాను. వెనక అత్యవసర ద్వారం తెరిచి మూశాను. సీట్ల కింద వంగి చూశాను. తనిఖీ కార్డు మీద అన్నిటికీ టిక్కు పెట్టి, మొదలుపెట్టిన టైము ఒకటీ నలభై అని రాసి సంతకం చేశాను. సాయంత్రం సూపర్‌వైజరు కూడా కింద సంతకం పెట్టి పై కాగితం చించుకుపోతాడు, కార్బన్ నకలు బస్సులోని పుస్తకంలోనే ఉంటుంది. ఆ తరువాత బండి తీసి గేటు దగ్గర ఆపి, కాపలావాడి హాజరు పుస్తకంలో రాశాను: ఒకటీ యాభై అయిదు.

కలం అక్కడే ఆగిపోయింది.

ఒకే చెయ్యి, ఒకే కలం, రెండు టైములు. జీతానికీ గంటలకీ లెక్క చూసేది గేటు పుస్తకం. అందులో మేం ఎప్పుడూ చక్రం కదిలిన టైమే రాస్తాం. ఎవరో పాత సూపర్‌వైజరు పెట్టిన పద్ధతి అది. తరువాత అది మా పరువు అయిపోయింది. కొత్తగా చేరినవాడికి పాత డ్రైవర్లు మొదట నేర్పేది ఇదే: ముందొచ్చి బండి చూసుకో, దానికి గంట రాయకు, అది మన పని. పొద్దున ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం పదిహేను. రోజుకు ముప్పై అయిదు. వారానికి మూడు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ.

ఇరవై ఏడున్నరకు అది కలిపితే ముప్పై గంటల ఇరవై అయిదు నిమిషాలు.

పద్దెనిమిదేళ్లు షట్టరు ఎత్తిన నిమిషం నుంచి కొట్టు తెరిచినట్టే అనుకున్న మనిషిని. బస్సు దగ్గరికి వచ్చేసరికి మొదటి గిరాకీ వచ్చేదాకా కొట్టు మూసి ఉందని రాసుకున్నాను. పాత కార్డుల పెట్టెలు ఎందుకు ఖాళీ చెయ్యాలో కూడా అప్పుడే అర్థమైంది.

రెండున్నరకు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

"ఏమంటావు?"

"పిల్లలు ఎక్కుతున్నారండీ," అని పెట్టేశాను.

మూడూ యాభైకి బస్సులన్నీ డిపో చేరాయి. మధ్యాహ్నం ట్రిప్పు లేనివాళ్లు కూడా చర్చల సంగతి తెలుసుకోవాలని వచ్చి ఉన్నారు. నా బస్సు మెట్టు మీద నిలబడి అందరికీ విషయం చెప్పాను. అందరూ ఒక్కసారే తిట్టడం మొదలుపెట్టారు, సగం బోర్డునీ, సగం తమను తామూ.

"ఒకటి అడుగుతాను, తొందరగా చెప్పండి," అన్నాను. "ఈ కార్డుల లెక్కన రెండేళ్ల పాత జీతం కూడా మనకు రావాలి. దాన్ని పట్టుకుంటే కోర్టులో ఏళ్లు పడుతుంది. వదులుకుంటే ఇవాళే బీమా అడగొచ్చు. ఏది కావాలి?"

అందరిలోకీ పెద్దవాడు, మేమంతా మామా అనే డ్రైవరు, ముందు చెయ్యెత్తాడు. "డబ్బయితే తాగేస్తాన్రా. బీమాని తాగలేను. అదే పట్టుకురా."

నవ్వుతూనే చేతులన్నీ లేచాయి. నలభై ఒక్క కార్డు పుస్తకాలు, పిల్లలు బస్సుల్లో మర్చిపోయిన స్వెట్టర్లు వేసే సంచిలో కూరుకుని బయల్దేరాను.

లైబ్రరీలోకి అడుగు పెట్టేసరికి నాలుగూ ఇరవై. పెద్దక్క చేతిలో కలం ఉంది. నన్ను చూసి కిందపెట్టింది. నేను సంచిని బల్ల మీద బోర్లించాను.

ఆఫీసరు ఒక పుస్తకం తెరిచాడు, మూశాడు. లాయరు మూడు పుస్తకాలు తిప్పి అతని చెవిలో ఏదో అన్నాడు. సూపర్‌వైజరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"ఇవి మీ కార్డులే. కింద మీవాళ్ల సంతకాలు," అన్నాను. "మా గంటలు ముప్పై దాటాయి. పాత జీతం అడగం. ఇవాళ్టి నుంచి గంటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి, బీమా ఉంచండి."

పది నిమిషాలు వాళ్లలో వాళ్లే గుసగుసలాడుకున్నారు.

"సరే, గంటలు ఒప్పుకుంటాం," అన్నాడు ఆఫీసరు. "కానీ బీమా డ్రైవరుకు మాత్రమే. భార్యకీ పిల్లలకీ కాదు."

నాకు ఏ జబ్బూ లేదు. గోడ గడియారంలో నాలుగూ ముప్పై ఆరు.

కొట్టులో గిరాకీ మరీ కిందికి అడిగితే నేను మాట్లాడేవాణ్ణి కాదు, తాను మడిచి అరలో పెట్టేసేవాణ్ణి. ఇప్పుడూ అదే చేశాను. ఒక్కో పుస్తకం తీసి సంచిలో వేస్తూ వచ్చాను.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు లాయరు.

"పాత జీతం వదులుకున్నది కుటుంబాల బీమా కోసం. అది లేనప్పుడు ఆ జీతం మాకు కావాలండీ. రేపు కోర్టుకు తెస్తాను."

పందొమ్మిదో పుస్తకం దగ్గర లాయరు ఆఫీసరు మోచెయ్యి పట్టుకున్నాడు.

"కుటుంబాలు ఉంటాయి," అన్నాడు ఆఫీసరు, పళ్ల సందులోంచి. "కానీ పొద్దున ట్రిప్పులు మాత్రమే తోలేవాళ్లు ఆరుగురున్నారు. మీరెలా కలిపినా వాళ్లు ముప్పైకి రారు. వాళ్లను వదిలెయ్యండి."

ఆ ఆరుగురిలో మామ ఒకడు. అందరికంటే ముందు లేచిన చెయ్యి అతనిది. హడావిడిలో అతని గంటలు నేను చూడనే లేదు. తప్పు నాది.

"వదలం," అన్నాను.

"మాకు ఇవ్వడానికి మీ దగ్గర ఇంకేం ఉంది?"

ఏమీ లేదు. అప్పుడు పెద్దక్క బల్ల మీంచి దిగింది. "ఈ ఏడాది జీతాల పెంపు మూడు శాతం అన్నారు. రెండు చెయ్యండి. మావాళ్లకు నేను చెప్పుకుంటాను. ఆ ఆరుగురినీ ఉంచండి."

"ఒక్క ఏడాది. అంతకంటే నా వల్ల కాదు," అన్నాడు ఆఫీసరు.

నాలుగూ యాభై మూడుకు సంతకాలయ్యాయి. నేను డిపోకు తిరిగొచ్చేసరికి మామ నా బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఏడాదా?" అన్నాడు. "ఈలోగా ఓ మధ్యాహ్నం ట్రిప్పు చూసిపెట్టు. లేకపోతే మీ ఇంటికొచ్చి పడుకుంటా, మీ ఆవిడ కుట్టిన దుప్పటి కప్పుకుని."

గురువారం ఆసుపత్రి కౌంటరులో నా భార్య కార్డు ఇచ్చింది. ఆ అమ్మాయి కంప్యూటరులో చూస్తున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. "వెళ్లి కూర్చోండి, పిలుస్తాం," అంది.

"ఏమండీ, ఆ స్టోరు గదిలో కుర్చీ మెత్తగా ఉండేదేమో," అంది నా భార్య కూర్చుంటూ.

"కూర్చుని చూడలేదు."

ఇదీ చివరికి తేలింది. పోయినవి: రెండేళ్ల పాత జీతం, ఒక శాతం పెంపు, స్టోరు గది ఉద్యోగం, సూపర్‌వైజరు పొద్దున చేసే పలకరింపు. వచ్చినవి: ముప్పై అయిదుగురికి కుటుంబంతో సహా బీమా, ఆరుగురికి ఒక ఏడాది, గేటు పుస్తకంలో రోజుకు ముప్పై అయిదు నిమిషాలు. ఇంకా తేలనిది మామ మధ్యాహ్నం ట్రిప్పు. దానికి పదకొండు నెలల మూడు వారాల గడువుంది. వచ్చే వారం ఒక డ్రైవరు ఉద్యోగం మానేస్తున్నాడని విని, అతని ట్రిప్పు కోసం అర్జీ అప్పుడే రాసి పెట్టాను.