మొదటి మిడత

ఓహాకా ఊళ్ళో బేస్‌బాల్ చూడ్డానికి వెళ్ళేవాడెవడూ గేటు దగ్గర వేయించిన మిడతలు కొనకుండా లోపలికి పోడు. స్నేహితులు నెమెసియో, ఎలాదియో పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అక్కడ మిడతలమ్మే క్లెయోఫాస్ బుట్ట దగ్గరే కొనేవారు. ఉప్పూ కారం నిమ్మరసం పట్టిన మిడతలు బీరుతో నంజుకుంటుంటే ఇంటికి పోబుద్ధి కాదు. అయితే ఇద్దరికీ ఒక నియమం. ఊరి జట్టుకి మొదటి పరుగు వచ్చేదాకా పొట్లం విప్పకూడదు. విప్పాక మొదటి మిడత ఒకరి నోట్లో ఒకరు పెట్టాలి. ఊరి జట్టు ఆట అలాంటిది కాబట్టి, పొట్లం విప్పకుండానే ఇంటికెళ్ళిన రోజులు బోలెడు.

నెమెసియో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా బిడ్డను ఎత్తుకున్నది ఎలాదియోనే. అప్పటినుంచీ ఇద్దరూ బావా అంటే బావా.

ఈ ఏడు ఎలాదియోకి మోకాలు పట్టేసింది. మెట్లెక్కలేను, రేడియోలో వింటాలే అన్నాడు. నెమెసియో పాపం ఆ మోకాలి పేర చర్చిలో కొవ్వొత్తి వెలిగించాడు. ప్రతి ఆటకీ పక్క సీట్లో తన టోపీ పెట్టి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఆట అయ్యాక పొట్లం పట్టుకుని బావ ఇంటికెళ్ళి, ఎవరు కొట్టారో ఎవరు తగలేశారో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఎలాదియో మంచం మీద కాలు చాపుకుని, అయ్యో అలాగా అంటూ వినేవాడు.

ఆ ఆదివారం తీరం జట్టు వచ్చింది. ఆట మధ్యలో ఒక బంతి బ్యాటు అంచుకి తగిలి, వచ్చిన జట్టు మనుషులు కూర్చునే ఎదుటి స్టాండులోకి ఎగిరింది. ఓ ముసలాయన చంగున గెంతి ఒంటిచేత్తో పట్టేశాడు. పెద్ద తెర మీద చూపించారు. నెత్తిన తీరం జట్టు నీలం టోపీ, చేతిలో బీరు, ముఖం నిండా నవ్వు. ఎలాదియో.

అంతలో ఊరి జట్టుకి పరుగు వచ్చింది, ఆ వెంటనే ఇంకోటి. జనం ఊగిపోతున్నారు. నెమెసియో పొట్లం మాత్రం విప్పకుండా ఒళ్ళోనే ఉంది.

ఆట ఆఖరికొచ్చేసరికి ఊరి జట్టే గెలిచేలా ఉంది. ఎలాదియో మెట్లన్నీ గబగబా ఎక్కి వచ్చాడు. చంకలో సంచి, అందులోంచి రంగురంగుల టోపీల అంచులు.

"సీటు ఉంచావు కదా బావా."

"మోకాలెలా ఉంది?"

ఎలాదియో తల దించుకున్నాడు. ఏ జట్టొస్తే ఆ టోపీ కొనుక్కుని ఏడాదంతా అటే కూర్చున్నానని ఒప్పుకున్నాడు.

"ఓడీ ఓడీ విసుగొచ్చింది బావా. మనవాళ్ళ మీదకి ఎవడొచ్చినా గెలుస్తాడు. పోయేలోపు ఆ గెలుపేదో చూద్దామనిపించింది."

"ఇన్నేళ్ళూ నేను నీ పక్కనే కదరా ఓడాను. మరి ఇంటికొచ్చి చెప్తుంటే ఎందుకు విన్నావు?"

"నువ్వు చెప్తుంటే ఆటకంటే బాగుండేది."

ఆ మాటతో నెమెసియో గుండెలో ఏదో తెగింది. సీట్లోంచి టోపీ తియ్యలేదు.

"అలా నిలబడకు, మోకాలు నొప్పెడుతుంది. పోయి మీవాళ్ళ దగ్గర కూర్చో."

ఎలాదియో దిగి వెళ్ళిపోయాడు.

ఊరి జట్టు గెలిచింది. స్టేడియం అంతా బీరు గాల్లోకి విసిరి గంతులేసింది. తడిసి ముద్దయిన నెమెసియో పొట్లం విప్పి, మొదటి మిడత తన చేత్తోనే నోట్లో వేసుకున్నాడు. ఉప్పూ కారం పులుపూ అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి. రుచి చచ్చిపోతుందనుకున్నాడు. చావకపోవడమే అతన్ని ఎక్కువ ఏడిపించింది.