‘ఓర్చుకో’ అన్న డాక్టరమ్మ

పుప్పిపన్ను పీకించుకోవడానికి టైలరమ్మ ముందురోజే సిద్ధమైపోయింది. కుట్టాల్సిన బట్టలు పక్కన పెట్టేసింది. తర్వాత చల్లగా తాగడానికని పాలు కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంది. పొద్దున కడుపునిండా తిని, బీపీ మాత్ర వేసుకుని, “అన్నీ డాక్టరు చెప్పినట్టే చేశా” అంది కూతురితో. ఆ డాక్టరు కూతురే.

“క్లినిక్‌లో నువ్వెవరో నేనెవరో, గుర్తుందిగా?” అంది కూతురు చెప్పులేసుకుంటూ. “పెద్ద డాక్టరు లేరంటే చాలు, మళ్లీ వస్తామని లేచిపోతున్నారు జనం. ఇంతవరకు ఒక్కళ్లూ నా చేత పన్ను తీయించుకోలేదు. నువ్వు తల్లివని తెలిస్తే ఇక నాకేం లాభం?”

“నోరు మెదపను, పో.”

“నువ్వా!”

టైలరమ్మ కాసేపాగి విడిగా వెళ్లింది. హాల్లో బుగ్గ వాచిన మీసాలాయన నర్సుతో గట్టిగా అంటున్నాడు: “నేను పెద్దాయన వచ్చేదాకా ఆగుతా. ఆ పిల్ల చేతికి పట్టకారిస్తే ఊడేది పన్నో, దవడో!”

టైలరమ్మ నాలుక దురద పెట్టింది. మాట మింగేసింది. “నాకు చిన్న డాక్టరమ్మే కావాలి” అని అందరికీ వినపడేలా చెప్పి, తలెత్తుకుని లోపలికి నడిచింది.

“నోరు తెరవండమ్మా” అంది కూతురు.

టైలరమ్మకి నవ్వాగలేదు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ అమ్మా అనే అంటారు, ఇక అనుమానమెవరికొస్తుంది! మత్తు ఇంజెక్షన్‌కి పెదవి మొద్దుబారింది. కూతురి తెల్లకోటు జేబు మీద తను వేసిన రెండువరసల కుట్టునే చూస్తూ పడుకుంది. ఆ పైన కూతురి చెయ్యి. పట్టకారు అందుకుంది.

పన్ను మాత్రం మొండికేసింది. పట్టకారు అటూ ఇటూ కదులుతుంటే దవడలో కరకరమంది. టైలరమ్మ పిడికిళ్లు బిగించింది.

“ఇంకొంచెం ఓర్చుకో, అయిపోవచ్చింది” అంది కూతురు.

నర్సు ఉలిక్కిపడి చూసింది. అంతలోనే పన్ను వేళ్లతో సహా వచ్చేసింది.

“ఈ దూది గట్టిగా కొరికి పట్టుకోండి. గంటసేపు ఉమ్మకూడదు, మాట్లాడకూడదు.” కూతురు మళ్లీ డాక్టరైపోయింది.

టైలరమ్మ బయటికొచ్చి కూర్చునేసరికి నర్సు గుసగుస హాలంతా వినపడుతోంది: “తల్లి వయసావిణ్ణి పట్టుకుని ‘ఓర్చుకో’ అంటుందేంటండీ! ఓర్చుకోండి అంటే ఏం పోయింది?”

“విన్నారా!” మీసాలాయన లేచాడు. “మర్యాదే రాని పిల్లకి పన్ను పీకడమేం వస్తుంది? నేను రేపొస్తా.” పక్కనున్నావిడ కూడా సంచీ సర్దుకుంది.

“ఊఁ! ఊఁ!” టైలరమ్మ చేతులూపింది.

“పాపం, నొప్పికి మాట కూడా రావట్లేదు” అన్నాడాయన తలుపు వైపు నడుస్తూ.

అంతే. టైలరమ్మ దూది లాగేసింది. “అది నా కూతురయ్యా! నన్ను నువ్వనక ఇంకెవరినంటుంది? నొప్పా, నా మొహమా! చీమ కుట్టినట్టు కూడా లేదు!”

లోపల్నించి కూతురు పరిగెత్తుకొచ్చింది. “దూది తీయొద్దని చెప్పానా లేదా? గంటసేపు నోరు మూసుకోలేవూ? చూడు, నెత్తురు! కూర్చో!” అంటూ ఇంకో దూది నోట్లో కుక్కింది. టైలరమ్మ బుద్ధిగా కూర్చుంది.

హాలంతా గొల్లున నవ్వింది. మీసాలాయన బుగ్గ పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “కన్నతల్లి పన్నే పీకిందంటే చెయ్యి గట్టిదే” అని, తలుపు దగ్గర్నించి వెనక్కొచ్చి, “నన్ను కూడా నువ్వనే అనమ్మా, పర్లేదు. నొప్పి లేకుండా తీసెయ్, చాలు” అన్నాడు.

“లోపలికి రండి బాబాయ్‌గారూ” అంది డాక్టరమ్మ.

టైలరమ్మ ఇంటికెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. కొత్తగా వచ్చినవాళ్లు డాక్టరెవరని అడిగితే గడ్డంతో ఆ తలుపు వైపు చూపించింది. కాసేపటికి మీసాలాయన నోట్లో దూదితో బయటికొచ్చి, ఆమె ఎదురుగా ఆగి, బొటనవేలు పైకెత్తాడు.

టైలరమ్మ తలుపు వైపు వేలు చూపించి, అదే వేలు తన గుండెల మీద పెట్టుకుంది. ఈసారి దూది మాత్రం తీయలేదు.