రెండు మూరల టేపు

భోజనాల బల్ల తుడిచి, రికార్డరు టేపు పరిచి, బ్లేడు తీసుకున్నాను. మా ఆయన ఒపేరా, అంటే అంతా పాటతోనే నడిచే నాటకం, రాస్తున్నాడు. నిరుడు మిల్లులో మంటలు లేచినప్పుడు బయటినుంచి తాళం వేసి ఉంది. తొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు. ఇది ఆ కథ. గాయకులు మాటలు పాడరు, అచ్చులే పాడతారు. వయొలిన్ల వాళ్లు కమాను కర్రతో తీగల మీద కొడతారు. మాటలన్నీ టేపులో ఉంటాయి. పావు వంతు వేగంతో, కొన్ని వెనకనుంచి ముందుకు, హాలు నాలుగు మూలల స్పీకర్లలోంచి వస్తాయి. ఆ టేపు కోసి అతికించేది నేను. "కూరగాయలు తరిగే చెయ్యేగా, నీకిదో లెక్కా?" అంటాడాయన. "వాడి పేరు పైకొస్తే గౌరవం నీక్కాదా?" అంటుంది అత్తగారు, రెండో టీ అడుగుతూ.

తాళం ఎవరు వేయించారో చెప్పింది మా వీధి చివర ఉండే మిల్లు అక్క. ఆయన అడిగితే తల అడ్డంగా ఊపింది. నేనడిగితే మా వంటింట్లో కూర్చుని చెప్పింది. చివర్లో, "ఇది బయటికి రానీకు చెల్లీ. నేనింకా అక్కడే పనిచేసుకోవాలి" అంది. రికార్డరు తిరుగుతూనే ఉంది.

ఆ మాట రెండు మూరల టేపు. కోసి చెత్తబుట్టలో వేశాను. ఆయన కొయ్యమనలేదు, అలాంటి మాట ఉందనే ఆయనకు తెలియదు. మిగతాది విని, "ఇదీ పనంటే" అన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి. ఆ రోజు అంట్లు తోముతూ కూనిరాగం తీశాను. వేగం తగ్గిస్తే గొంతు ఎవరూ గుర్తుపట్టరులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

నిన్న రిహార్సల్లో, మూడో అంకంలో, ఆయన వేగం మార్పించాడు. అక్క గొంతు ఉన్నదున్నట్టు, దగ్గుతో సహా వినిపించింది. వాద్యకారులు వాయించడం ఆపేశారు.

"ఆమెనొకసారి అడగాలేమో" అన్నాను.

"అడిగేగా రికార్డు చేశావు? ఇప్పుడేంటి కొత్తగా?"

 ఆమె వద్దందని చెబితే కోసిన సంగతీ చెప్పాలి.

మూడో అంకం రీలుకు కాపీ లేదు. కాపీ తీస్తే గరగర పెరుగుతుందని ఆయన ఒప్పుకోడు. ఈ ఉదయం దాన్ని సంచీలో వేసుకుని అక్క ఇంటికి వెళ్లాను. షిఫ్టుకు బయల్దేరుతోంది. ఆమె గొంతు హాల్లో వినిపించిందనీ, వద్దన్న మాట టేపులో లేదనీ గుమ్మంలోనే చెప్పాను.

"నేను వద్దన్న మాట మీ ఆయన తీయించాడా?"

ఔననడం తేలిక. నమ్ముతుంది కూడా.

"లేదక్కా. నేనే కోశాను. ఆయన మెచ్చుకుంటాడని."

"ఆయన్ని నమ్మకే కదే నీకు చెప్పింది!"

రీలు నా చేతిలోంచి లాక్కుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

హాలుకు వెళ్తున్నాను. సాయంత్రం ప్రదర్శనలో మూడో అంకం ఎందుకు ఉండదో ఆయనకూ, గాయకులు, వాద్యకారులందరి ముందూ చెప్పాలి. గొంతు ఎవరిదో చెప్పను. కోసిందెవరో చెబుతాను.