ఎర్రావు కోసం గీకిన గోడ

తెల్లవారి పేడ తీసి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చాకే శకుంతలమ్మ కాఫీ తాగుతుంది. పూతలపట్టు దగ్గరి ఆ పల్లెలో ఆమె ఆవు ఈనిందా అని ఎవరూ అడగరు. కొట్టం గోడ చూస్తారు. ఈనిన ఆవు ఒంట్లోని సున్నమంతా పాలలోకి దిగిపోతుంది. తక్కువపడింది గోడ ఇస్తుంది. ఆ పూటకు వెల్ల మాయమై ఎర్రటి ఇటుక తేలుతుంది. వారం తిరక్కుండా ఆమె మళ్ళీ సున్నం కొడుతుంది. తీసుకున్నది తిరిగి పెట్టనివాళ్ళంటే ఆమెకు గిట్టదు.

ఈసారి కొడుకు ధనశేఖర్, అమ్మకు శ్రమ తప్పుతుందని, గోడకు నీలం పెయింటు పూశాడు. ఎర్రావు ఈనింది. గోడ నీలంగానే ఉంది. వాడు వీధంతా జున్నుపాలు పంచాలని పొదుగును ఆఖరి చుక్కదాకా పిండేశాడు. పొద్దెక్కేసరికి ఆవు కూలబడి, మెడ తిప్పి తల డొక్కకు ఆనించుకుంది. చెవులు చల్లబడ్డాయి. డాక్టరు సూదిమందు ఎక్కించి పోయినా లేవలేదు.

మధ్యాహ్నానికి, పడిపోయిన పశువుల్ని కొనుక్కుపోయే మునస్వామి బండి వాకిట్లో ఆగింది.

"అక్కా, ఇది ఇంక లేసేది కాదు. రేపటికి నాకు గూడా పనికిరాదు."

"నా ఆవు యాడికీ రాదప్పా."

"నువ్వు పంతం పడితే అది లేస్తాదా?"

"ఇచ్చేద్దాం మా," అన్నాడు ధనశేఖర్, నేల చూస్తూ.

"తప్పు నీది, పోయేది అదా? నోరు మూసుకోని దాని చెవులు రుద్దు."

ఆమె చూరులోని కొడవలి లాగి గోడ మీద పడింది.

"మా! మొన్ననే గదా పూసినాను!"

"అందుకే గీకతా ఉండా."

నీలం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అడుగున అత్తగారి కాలం నుంచి పేరుకున్న వెల్ల కనబడింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆమె ఆగలేదు. గాలి తగిలిన చోటల్లా గోడ ఎర్రబారింది. సున్నపు పొడి మాత్రం చిటికెడైనా నేల రాలలేదు.

ఎర్రావు చెవి ఆడింది. ముట్టె మీద చెమ్మ చేరింది. వెనక కాళ్ళు కూడదీసుకొని ఒక్క ఊపున లేచి, దూడను చూసి అరిచింది.

మునస్వామి తుండుగుడ్డ దులుపుకొని బండెక్కబోయాడు.

"ఖాళీగా ఏం పోతావులే అప్పా? చిత్తూరు నుంచి రెండు మూటల సున్నం ఏసుకోని రా."

ధనశేఖర్ బండెక్కి అతని పక్కన కూర్చున్నాడు.

శకుంతలమ్మ చెంబు తెచ్చుకుని పొదుగు కింద కూర్చుంది. దూడకు సరిపడా పితికి, మిగతాది ఆవుకే వదిలి లేచింది.