ఆరు అంగుళాలు

పెద్ద టైలరు తన కొట్టునూ దాని మీది రెండు గదులనూ అన్న కొడుకు పేర రాసి ఎనిమిది నెలలైంది. ఆ రోజు దస్తావేజులు రాసేవాడు మొండికేసి ఒక వాక్యం పెట్టించాడు: "బతికినంత కాలం తిండి పెట్టి, మంచీ చెడ్డా చూసుకునే షరతు మీద."

"మనలో మనకి షరతులేంటయ్యా, అసహ్యంగా!" అని పెద్ద టైలరే నొచ్చుకున్నాడు.

"ఇవాళ అసహ్యంగా ఉన్నా పర్లేదు పెద్దాయనా, ఉండనివ్వండి" అన్నాడు రాసేవాడు.

ఇప్పుడు ఆ వాక్యం వృద్ధుల సంరక్షణ అధికారి బల్ల మీద ఉంది. కింద ఎర్ర గీత కూడా పడింది. ఫిర్యాదు చేసింది పెద్ద టైలరు కాదు, ఆస్పత్రి నర్సు. బీపీ చూడబోతే, ఆయన చేతికి చుట్టిన పట్టీ ఇంకో మనిషికి చాలినంత మిగిలిందని రాసింది. పెద్దవాళ్ళ తరఫున ఎవరు ఫిర్యాదు చేసినా చట్టం ఒప్పుకుంటుందట. అడక్కుండా ఇంటి విషయాల్లో వేలు పెట్టే ఆ చట్టం మీద పెద్ద టైలరుకు కొంచెం కోపంగానే ఉంది.

"తాతగారూ, పొద్దున ఏం తిన్నారు?" అధికారిణి అడిగింది.

"కడుపు నిండా తిన్నాడు మేడమ్" అన్నాడు పక్క కుర్చీలోని అన్న కొడుకు. వీధిలో అందరూ అతన్ని చిన్న టైలరంటారు.

"నేను మిమ్మల్ని అడగలేదు."

"బాబాయికి చెవుడు మేడమ్."

"లేదురా" అన్నాడు పెద్ద టైలరు.

చిన్న టైలర్ని వరండాలో కూర్చోబెట్టి, తలుపు వేసి, ఆమె మళ్ళీ అడిగింది. పెద్దవాళ్ళను ఒంటరిగా అడగాలన్నది అక్కడి పద్ధతి. పెద్ద టైలరు గోడ గడియారం వైపు చూస్తూ, బాగానే చూసుకుంటున్నాడన్నాడు. సూది పట్టుకోవడం తను నేర్పినవాడు, తన అన్న రక్తం. వాడు ఒక పూటే పెడుతున్నాడని పరాయి మనిషి ముందు ఏ నోటితో చెప్పడం? చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే, నర్సు లెక్కన, ప్రాణం పోతుంది. రెంటిలో ఏది ముందు పోతుందో ఆయన తేల్చుకోలేకపోయాడు.

అధికారిణి నిట్టూర్చి చిన్న టైలర్ని లోపలికి పిలిచింది.

"ఈయన బాగా చిక్కిపోయారని నర్సు రాసింది."

"అబద్ధం మేడమ్! ఆ ప్యాంటు చూడండి. నిరుడు బాబాయి స్వయంగా కుట్టుకున్నది. నడుం దగ్గర వేలు దూరుతుందేమో చూడండి. అప్పటి నుంచీ దాని మీద ఇంకో చెయ్యి పడలేదు."

ఆమె చూసింది. నిజంగానే వేలు దూరేలా లేదు. కాగితం మీద ఏదో రాయబోయింది.

తిండి సంగతి మాట్లాడడానికే పెద్ద టైలరుకు మొహమాటం. కుట్టు సంగతికి ఏ మొహమాటమూ లేదు. పైగా అన్న కొడుకు ప్రాణం ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు.

"ఈ వెనక కుట్టు నాదంటావేంట్రా? ఇంత వంకర కుట్టు నేను జన్మలో వెయ్యలేదు. ఎవడో తాగి వేసినట్టుంది."

చిన్న టైలరు లేచి నిలబడ్డాడు.

"వంకరా? నాది వంకర కుట్టా బాబాయ్? టేపు పెట్టి చూడు, దారప్పోగంత తేడా వస్తే మిషను అమ్మేస్తా! ముప్పై ఎనిమిది నడుం ముప్పై రెండుకి దింపాను. ఆరు అంగుళాలు! ఒక్క ముడత పడిందా? ఈ ఊళ్ళో ఇంకెవడన్నా చెయ్యగలడా?"

"ఆరు అంగుళాలా?" అంది అధికారిణి.

"మూడు సార్లుగా మేడమ్. ఒకేసారి దింపితే జేబులు వెనక్కి పోతాయి" అన్నాడు చిన్న టైలరు. అప్పుడు ఆగాడు.

పెద్ద టైలరు చొక్కా ఎత్తి, నడుం పట్టీ వెనక్కి తిప్పి చూపించాడు. లోపల మడిచిన గుడ్డ, దాని మీద ఊడదీసిన పాత కుట్ల చుక్కలు, మూడు వరసలు. ఇంకెవరైనా ఆ గుడ్డ కత్తిరించి పారేసేవారు. వీడు పారెయ్యలేదు. మంచి టైలరు గుడ్డ పారెయ్యడు.

అధికారిణి అంకెలు వేసుకుంది. షరతు తప్పారు కాబట్టి దస్తావేజు రద్దు చేస్తున్నాననీ, కొట్టూ గదులూ తిరిగి పెద్దాయనవేననీ చదివి వినిపించింది. తాళాలు బల్ల మీద పెట్టమంది.

చిన్న టైలరు గుత్తి నుంచి ఒకటి తీసి పెట్టాడు. అది కొట్టుది. ఇంకోటి మేడ మీదిది. మూడోది గుప్పిట్లోనే ఉండిపోయింది.

"అదేంటి?"

"వంటగదిది మేడమ్."

"వంటగదికి తాళమెందుకు?"

"పిల్లి వస్తుంది."

పెద్ద టైలరు చెయ్యి చాచాడు. ఆ తాళం వచ్చి అరచేతిలో పడింది. వెచ్చగా ఉంది.

"ఈయన్ని ఇవాళే ఖాళీ చేయించమంటారా, తాతగారూ?"

ఆయన ఆ తాళాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"శుక్రవారం దాకా ఉండనివ్వండి మేడమ్. రెండు చొక్కాలకు కాలర్లు పడాలి. కాలరు నాకంటే వాడే బాగా వేస్తాడు."

చిన్న టైలరు తల వంచుకుని, "భోజనం?" అన్నాడు మెల్లగా.

"మూడు పూటలా" అన్నాడు పెద్ద టైలరు.